చీమలు ముందుగా చదివిన పుస్తకం

ఇప్పుడు మా ఇంటికి పుస్తకాలు చూడ్డానికి వచ్చేవాళ్లు, నేను కిటికీ పక్కన కూర్చుని గుడ్డ పేజీలకి దారం వేసి కుడుతుంటే కాసేపు నిలబడి చూసి, "ఎంత ఓపికండీ మీకు" అంటారు. ఆ మాట చెవిన పడగానే మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. వచ్చినవాళ్లు పాపం, ఆవిడకి దగ్గు వచ్చిందనుకుంటారు. ఆవిడ నవ్వుకి కారణం ఉంది. ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయ్యి ఇంట్లో కూర్చున్న రోజుల్లో (కూర్చున్న అనడం కూడా అబద్ధమే, నేనెప్పుడు కూర్చున్నాను గనక) బందరు మొత్తం మీద నా అంత నిలకడ లేని మనిషి ఇంకొకరు ఉండేవారు కాదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేక మధ్యలో వీధిలోకి వెళ్లొచ్చేదాన్ని. ఇంటికొచ్చేసరికి పాలు పొయ్యి మీద ఉండేవి, గిన్నెలో ఉండేవి కావు. మావయ్య నాకు ‘తూనీగ’ అని పేరు పెట్టాడు. ఇంటిల్లిపాదీ అలాగే పిలిచేవాళ్లు, నేను కూడా పలికేదాన్ని.

అలాంటి నాకు చేత్తో పుస్తకాలు తయారుచేసే పిచ్చి ఎలా పట్టిందో ఇప్పటికీ తెలియదు. కాగితం కాదు, గుడ్డ పేజీలు. దాని మీద నా చేత్తో రాసిన అక్షరాలు, నా చేత్తో వేసిన బొమ్మలు, నా చేత్తో వేసిన కుట్టు. ఒక్కో పుస్తకం ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. ఇది వినడానికి బాగానే ఉంటుంది గాని ఇంట్లో చెప్పడానికి బాగోదు. "ఒక్కటే పుస్తకం చేస్తే ఎంతమంది చదువుతారే?" అని అడిగింది అమ్మ. "ఒక్కళ్లు" అన్నాను. చిలకలపూడిలో మావయ్యకి రోల్డ్‌గోల్డ్ నగలు చేసే షెడ్డు ఉంది. గొలుసులకి కొక్కేలు తగిలించే బల్ల దగ్గర ఒక కుర్చీ నా కోసం ఖాళీగా ఉందని ఆయన వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. నగలంటే నాకేం చిన్నచూపు లేదు. ఆ కుర్చీ అంటేనే భయం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా దాన్లో కదలకుండా కూర్చోవాలి.

అమ్మ చివరికి ఒక మాట చెప్పింది. "గుడివాడ మేడమ్‌గారు నిన్ను పుస్తకం చెయ్యమన్నారుగా. ఎండాకాలం పోయేలోపు చేసివ్వు. ఆవిడ బాగుందని తీసుకుంటే ఇంక నీ ఇష్టం, నేను నోరెత్తను. తీసుకోకపోతే జూన్ ఒకటో తారీకు మావయ్య బల్ల దగ్గర కూర్చోవాలి." నేను సరేనన్నాను. గుడివాడ మేడమ్‌గారు నా పదో తరగతి తెలుగు టీచరు. బందరులో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక గుడివాడలో స్థిరపడ్డారు. ఆవిడ పుట్టింది దివిసీమలో, కోడూరు దగ్గర. అక్కడి నీటి పిట్టల మీద పన్నెండు చిన్న చిన్న పద్యాలు రాసుకుని, ఎవరికీ చూపించకుండా పాత డైరీలో దాచుకున్నారు. వాటికి నన్ను బొమ్మలు వెయ్యమన్నారు. నేను సంబరంగా తల ఊపుతుంటే ఆవిడ అసలు సంగతి చెప్పారు. "ఇది నా కోసం కాదమ్మా. మా అక్క కోసం. నన్ను చదివించడానికి అది బడి మానేసి అమ్మతో పాటు ఎండుచేపల గంప ఎత్తుకుంది. దానికి ఒక్క అక్షరం రాదు. కానీ ఈ పిట్టలన్నీ నాకు చూపించింది అదే. నేను పద్యం చదువుతాను, అది బొమ్మ చదవాలి. నాకు నచ్చడం కాదు, అక్క ఏ పిట్టో గుర్తుపట్టాలి. పట్టకపోతే దానికి పుస్తకం ఇచ్చి ఏం లాభం?" ఆ తర్వాత ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. తొందరేం లేదు, వానాకాలం గడిచాక ఇచ్చినా చాలు అని. నేనా మాట వినిపించుకోలేదు.

రంగుల పని నేర్చుకోవడానికి పెదన వెళ్లాను. అక్కడ కలంకారీ అద్దకం చేసే ఒక పెద్దాయన్ని నేను రంగుల బాబాయ్ అనేదాన్ని. చుట్టరికం లేదు, పిలుపే. ఆయన నాకు అన్నీ ఉన్నవున్నట్టు చూపించారు. గుడ్డని ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెట్టాలి. నల్లరంగు కావాలంటే తుప్పుపట్టిన మేకులూ పాత ఇనప ముక్కలూ కుండలో వేసి, బెల్లం కలిపిన నీళ్లు పోసి మూత పెట్టి వదిలెయ్యాలి. ఇరవై రోజులు ఊరాలి. ఆ నీళ్లతో గీత గీస్తే ముందు ఏమీ కనబడదు, కరక్కాయ తగిలి నిదానంగా నల్లబడుతుంది. ఆ తర్వాత పారే నీళ్లలో బాగా ఉతకాలి. అంతే. వినడానికి ఎంతసేపు పట్టింది, అయిదు నిమిషాలు.

"ఇరవై రోజులు ఎందుకు బాబాయ్?" అన్నాను. "ఎందుకంటే ఇరవై రోజులు పట్టుద్ది గనక" అన్నారాయన. నాకా సమాధానం నచ్చలేదు. ఇంటికొచ్చి బాగా ఆలోచించి, ఇంతకాలం పెదనలో ఎవరికీ తట్టని ఉపాయం ఒకటి కనిపెట్టాను. బెల్లం రెట్టింపు వేస్తే రెట్టింపు తొందరగా ఊరుతుంది కదా. వేశాను. మూడో రోజుకి నిలవలేక ఇంకో బెల్లం అచ్చు కూడా వేశాను. రోజుకి పదిసార్లు మూత తీసి వాసన చూసేదాన్ని. ఆరో రోజుకి కుండలో బుసబుసా నురగ వచ్చింది. ఊరిపోయింది అని తీర్మానించి కలం ముంచాను. గీత నల్లగానే వచ్చింది. కాస్త జిగటగా కూడా వచ్చింది. అది నాణ్యత అనుకున్నాను.

తర్వాత ఉతకడం. పెదన కాలవకి వెళ్తే అందులో నీళ్లు లేవు. ఎండాకాలం కదా, కాలవలు కట్టేశారు. అడుగున బురద, దాని మీద రెండు గేదెలు. "జూన్‌లో వదుల్తారు. అప్పుడు పట్రా, నేనే ఉతికిపెడతా" అన్నారు బాబాయ్. జూన్‌లో నేను ఎక్కడుంటానో ఆయనకేం తెలుసు? పోనీ బకెట్లో ఉతకనా అంటే, నిలవ నీళ్లలో ఉతికితే నలుపు గుడ్డంతా పాకుద్ది, వద్దన్నారు. సరే, అసలు ఉతకడమే ఎందుకు, ఇదేమన్నా కట్టుకునే చీరా, పుస్తకమే కదా అనుకున్నాను. పైగా అప్పటికే నాకు ఇంకో ఆలోచన వచ్చేసింది. నల్లగీతల మధ్యలో షాపులో కొన్న నీటిరంగులు నింపితే పిట్టలు ధగధగలాడతాయి. రెండు నెలలు నింపాను. లకుముకి పిట్ట నీలం మీద ఒక్కదాని మీదే వారం రోజులు పడ్డాను. (వారం రోజులంటే కూర్చుని కాదు. పది నిమిషాలు నీలం, అరగంట డాబా మీద పచార్లు, మళ్లీ పది నిమిషాలు నీలం.) కోడూరు వెళ్లి ఆ పిట్టల్ని ఒకసారి చూసి రావచ్చు గాని, అంత తీరిక ఎక్కడిది, అన్నీ ఫోన్లో చూసి వేశాను.

పద్యాలన్నీ ముందే నల్లరంగుతో రాసేశాను. బొమ్మల్లో ఆఖరిది బుడబుంగ. చెరువులో బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే చిన్న పిట్ట. దాని దగ్గరికి వచ్చేసరికి కుండలో నల్లరంగు అయిపోయింది. మళ్లీ ఊరబెట్టాలంటే ఆరు రోజులు. నా వల్ల కాదు. నల్లగీత లేకుండా ఉత్త షాపు రంగులతోనే వేసేశాను, ఈక ఈకా విడిగా కనబడేలా. నిజం చెప్పొద్దూ, పన్నెండింటిలోకీ అదే బాగా వచ్చింది. పుస్తకం కుట్టడం అయ్యాక నేను మాటిమాటికీ ఆ పేజీనే తెరిచి చూసుకునేదాన్ని. ఒకరోజు అమ్మ అలమర తుడుస్తూ, "తూనీగా, నీ పుస్తకం దగ్గర చీమలు తిరుగుతున్నాయే" అంది. "వేసవి కదమ్మా, ఎక్కడ మాత్రం తిరగవు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహంలో కనబడిన తెలివిని అమ్మ ఇప్పటికీ అందరికీ అభినయించి చూపిస్తుంది.

మే నెల చివరి వారంలో పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని బందరు బస్టాండుకి వెళ్లాను. గుడివాడ బస్సు ఇరవై నిమిషాల్లో ఉందన్నారు. ఇరవై నిమిషాలు నిలబడడమా? ఎదురుగా విజయవాడ బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కి, పామర్రులో దిగి గుడివాడ బస్సు పట్టుకుంటే ముందే చేరతాననుకున్నాను. పామర్రులో గంటా పది నిమిషాలు నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. సెంటర్లో ఒక చెరుకురసం బండి ఉంటే, సంచిని దాని పక్కన గోడ వారగా పెట్టి ఒక గ్లాసు తాగాను. బస్సు వచ్చిందేమోనని రోడ్డు దాకా వెళ్లొచ్చి ఇంకో గ్లాసు తాగాను. "ఒకచోట నిలబడమ్మా, చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నయ్" అన్నాడు బండాయన. పిప్పి కుప్ప పక్కన నా సంచి మాత్రం బుద్ధిగా ఒకచోటే ఉంది. ఆ గంటలో అక్కడి ఎర్రచీమలన్నిటికీ సంగతి తెలిసిపోయింది.

గుడివాడ బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో పసుపు చీర కట్టుకున్న పెద్దావిడ కాసేపటికి మోచెయ్యి గోక్కుంది. తర్వాత మెడ గోక్కుంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "సంచిలో ఏముందమ్మా, మిఠాయా?" అంది. "పుస్తకం అండి" అన్నాను. నమ్మలేదు. లేచి డ్రైవరు వెనక సీటుకి వెళ్లిపోయింది. నాకూ అక్కడక్కడా చురుక్కుమంటూనే ఉంది గాని ఆనందం వల్ల ఒళ్లు పులకరిస్తోందనుకున్నాను. మేడమ్‌గారింటికి చేరి, కాళ్లు కడుక్కోమని ఆవిడ అంటున్నా వినకుండా పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, చేతులు కూడా కొంగుకి తుడుచుకుని, అట్ట తెరిచారు. మొదటి పేజీలో తెల్లకొంగ. ఆవిడ కాసేపు చూశారు. జోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఏమ్మా," అన్నారు మెల్లగా, "ఇది నడుస్తోందే."

నిజంగానే నడుస్తోంది. నేను గీసిన నల్లగీత ఒక్క పిసరు కూడా పైకి కనబడకుండా ఎర్రచీమలు బారులు తీరి ఉన్నాయి. ముక్కు దగ్గర బయలుదేరి, మెడ మీదుగా దిగి, కాళ్ల దాకా వెళ్లి, మళ్లీ పైకి వస్తున్నాయి. కొంగ మొత్తం ఎర్రగా, కిందకీ పైకీ కదులుతోంది. పేజీ తిప్పితే నీటికాకి రెక్కలు ఆడిస్తోంది. దాని పక్కనే పద్యం, ఒత్తులతో సహా ఎర్రచీమలే. మేడమ్‌గారు ఆ పద్యాన్ని మొదటి పాదం నుంచి ఆఖరి పాదం దాకా మనసులో చదువుకున్నట్టున్నారు. "నా పద్యాల్లో తీపి ఉందని ఇంతవరకు ఒక్కరూ అనలేదమ్మా. ఇంతమంది ఒకేసారి వస్తారనుకోలేదు" అన్నారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. అలా అనేసరికి నేను భోరుమన్నాను. ఏడుస్తూ బెల్లం సంగతి, ఆరు రోజుల సంగతి, ఉతకని సంగతి, చిలకలపూడి కుర్చీ సంగతి, అన్నీ కక్కేశాను.

మేడమ్‌గారు కోడూరులో అక్కకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. రేపు పుస్తకం తెస్తున్నానని ముందే చెప్పి ఉంచారట. జరిగింది విని అవతల నుంచి ఆవిడ, "చీమలు పడితే ఏముందే, ఉతకండి. గుడ్డే కదా" అంది. ఉతికితే నా రంగులన్నీ పోతాయి. రంగుల బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "రెట్టింపు ఏసావా" అన్నారు. అటువైపు ఆయన నోటికి ఏదో అడ్డం పెట్టుకున్నట్టు అనిపించింది. "ఉతికెయ్యమ్మాయ్. నలుపు ఉంటది. ఉతక్కుండా అది నలుపే కాదు." నీటిరంగుల సంగతేంటి బాబాయ్ అని అడిగాను. "అయ్యి నేను చెప్పినయ్యి కాదుగా, నువ్వు ఏసుకున్నయ్యి" అన్నారు. ఆ రోజు మేడమ్‌గారు పుస్తకాన్ని ఒక స్టూలు మీద పెట్టి, ఆ స్టూలు నాలుగు కాళ్ల కిందా నీళ్లు పోసిన గిన్నెలు పెట్టారు, పచ్చళ్ల జాడీలకి పెట్టినట్టు. కొత్త చీమలు రావు సరే, ఉన్న చీమలు ఇళ్లకి ఎలా వెళ్తాయి అని అడగబోయి, అడిగే మొహం లేక ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బయలుదేరి, అవనిగడ్డలో దిగి, ఆటో పట్టుకుని కోడూరు చేరాం. కోడూరు మామ్మ (అక్కగారిని నేనలాగే పిలిచాను, ఆవిడేమీ అనలేదు) సన్నగా, ఎండుపుల్లలా, నిటారుగా ఉంది. ఎదురొచ్చి చెల్లెల్ని పలకరించడానికి ముందు సంచి తీసుకుంది. ఇంటి వెనకాల చేపల చెరువు, దానికి నీళ్లు తోడే మోటారు, దాని లావుపాటి గొట్టం. "ఇంతకంటే పారే నీళ్లు మీ బందర్లో ఉన్నయ్యా?" అంది. నేను కుట్లు విప్పి పేజీలు విడదీశాను. మామ్మ మొదటి పేజీ అందుకుని బండకేసి బాదబోయింది. నేను కెవ్వుమన్నాను. "సరే సరే, మెల్లిగానే" అని గొట్టం కింద పట్టింది. చీమలు ముందు పోయాయి. వాటి వెనకాలే నా రెండు నెలలు పోయాయి. లకుముకి నీలం, కొంగ కాళ్ల పసుపు, తుంగ గడ్డి ఆకుపచ్చ, అన్నీ కలిసి ఒక మురికి నీలంగా మారి బోదె కాలవలో పడి సాగిపోయాయి. నేను ఆ నీళ్ల వెంట కొంత దూరం నడిచాను కూడా. ఎందుకు నడిచానో తెలియదు, పట్టుకోవడానికేమీ లేదు.

ఉతికిన పేజీల్ని గట్టు మీద పరిచిన పాత వల మీద ఆరేశాం. కరక్కాయ లేతపసుపు గుడ్డ మీద నల్లగీతలు కొంచెం పలచబడి, గట్టిగా నిలిచాయి. అంతకుముందు రంగుల హడావిడిలో కనబడని గీతలు. కానీ చివర ఆరేసిన పేజీ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. బుడబుంగ లేదు. ఈక ఈకా విడిగా వేసిన నా బుడబుంగ, నల్లగీత లేదు గనక, ఆనవాలు లేకుండా పోయింది. ఒక మూలన పద్యం మాత్రం ఉంది, మిగతాదంతా ఉత్త గుడ్డ. మేడమ్‌గారితో చెబుదామంటే ఆవిడ అప్పటికే నులకమంచం వాల్చుకుని, పరీక్ష పెట్టే రోజు కూర్చున్నట్టు కూర్చున్నారు. "అక్కా, చూడు. ఏది ఏమిటో చెప్పు" అన్నారు. మామ్మ చేతులు తుడుచుకుని వల వారగా వంగి నడవడం మొదలుపెట్టింది. నేను ఆవిడ వెనకాల కాలుకాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాను. నా జూన్ నెల ఆవిడ నోట్లో ఉంది.

"ఇది తెల్లకొంగ. మోకాలు ముందుకి వంచావేంటే పిల్లా, మనిషికి మల్లే? కొంగకి ఎనక్కి వంగుద్ది." నేను తల దించుకున్నాను. "నీటికాకి. రెక్కలారేసుకుంది, బాగుంది. లకుముకి. ఇది ఉల్లంకి, ముక్కు కాస్త ఎక్కువైంది గాని ఉల్లంకే. ఇది గూడబాతు, దీన్ని గుర్తుపట్టపోతే నాకు కళ్లు దండగ." ఒక్కోదాన్ని చెబుతూ దాని ఇల్లు ఎక్కడ, అది ఎప్పుడు వస్తుంది, ఏ చేపని తింటుంది, అన్నీ చెబుతోంది. చెల్లెలు ఒక్కో పద్యం చదువుతుంటే "ఇది నేను చెప్పిందేగా" అంటోంది. "నువ్వు చెప్పిందేనే" అంటున్నారు మేడమ్‌గారు. పదకొండు పిట్టలు అయిపోయాయి. మామ్మ పన్నెండో పేజీ ముందు ఆగింది. నేను గబగబా, "మామ్మా, అది చెరిగి..." అని మొదలుపెట్టాను. మేడమ్‌గారు నా మణికట్టు పట్టుకున్నారు, బళ్లో పట్టుకున్నట్టే.

"ఇక్కడేం రాసుంది?" అంది మామ్మ. మేడమ్‌గారు చదివారు. "మునిగినచోట తేలదు, తేలినచోట నిలవదు, పిలిస్తే పలకదు, మా చెరువు బుడబుంగ." మామ్మ మోకాళ్ల మీద కూర్చుంది. ఆ ఖాళీ గుడ్డ వంక అలా చూస్తూనే ఉంది. మోటారు ఆగిపోయి చెరువంతా నిశ్శబ్దంగా ఉంది. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాను. అప్పుడు మామ్మ పేజీ మీంచి చూపు తిప్పకుండా అడిగింది. "మునిగి ఎంతసేపయింది?"

మేడమ్‌గారు, "ఇప్పుడేనే" అన్నారు. "అయితే ఉండు, తేలుద్ది" అంది మామ్మ. కాసేపాగి నా వైపు తిరిగి, "కూర్చోవే పిల్లా. నువ్వట్టా తిరుగుతుంటే అదెట్టా తేలుద్ది?" అంది. కూర్చున్నాను. ముగ్గురం వల పక్కన మట్టిలో కూర్చుని ఆ ఖాళీ పేజీని చూశాం. చాలాసేపే చూసి ఉంటాం, ఎందుకంటే లేచేసరికి పేజీలన్నీ ఆరిపోయాయి. అంతసేపూ నాకు ఎక్కడికీ వెళ్లాలనిపించలేదు. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. ఎందుకో మళ్లీ ఏడుపొచ్చింది, కానీ అది గుడివాడలో ఏడ్చిన ఏడుపు కాదు. ఆ సాయంత్రం అక్కడే కూర్చుని మళ్లీ కుట్టాను. మామ్మ పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది. మాకు టీ ఇవ్వడం కూడా మర్చిపోయింది.

అమ్మకి ఫోన్ చేశాను. "ఏమన్నారే?" అంది. "కూర్చోమన్నారు" అన్నాను. "కూర్చున్నావా?" "కూర్చున్నాను." అమ్మ "నిజంగానే?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, నన్ను ఇంకో వారం అక్కడే ఉంచుకోమని మామ్మకి చెప్పమంది. మావయ్య కుర్చీలో ఇంకెవరో చేరారు. పాపం, ఆయన కొద్దిగా బాధపడి, ఆ తర్వాత నా పుస్తకాల అట్టలకి పెట్టుకోమని రోల్డ్‌గోల్డ్ కొక్కేలు తనే చేసి పంపడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ పంపుతున్నాడు. ఇప్పుడు నా నల్లరంగు ఇరవై రోజులు ఊరుతుంది. మూత తీసి వాసన చూడను. (రెండుసార్లు చూస్తాను. అంతే.) పుస్తకం ఏదైనా కాలవలో నీళ్లు వచ్చేదాకా పూర్తికాదని, తొందరున్నవాళ్లు వేరే చోట చూసుకోవచ్చని ముందే చెప్పేస్తాను. అలా చెప్పేటప్పుడు నా గొంతు అచ్చం రంగుల బాబాయ్ గొంతులా ఉంటుందని అమ్మ అంటుంది.

పోయిన ఏడాది మేడమ్‌గారు ఆ పుస్తకాన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు, కుట్లు వదిలాయని. అట్ట చేపల వాసన వేస్తోంది. కొంగ పేజీలో మోకాలు దగ్గర బొగ్గుతో ఒక అడ్డగీత, వెనక్కి వంగేలా దిద్ది ఉంది. అన్ని పేజీలూ అంచుల్లో వేళ్లు తగిలి నలిగాయి గాని, అన్నిటికంటే నలిగింది ఆఖరి పేజీ. "రోజూ తెరుస్తుందమ్మా. ఇంకా తేల్లేదంటుంది" అన్నారు మేడమ్‌గారు. ఆవిడ వెళ్లాక కుట్టడానికి కూర్చుని ఆ పేజీ తెరిచాను. పక్కనే కలం ఉంది, బాగా ఊరిన నలుపు ఉంది, ఇప్పుడైతే బుడబుంగని కళ్లు మూసుకుని వెయ్యగలను. వెయ్యలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఒక్కోసారి పామర్రు సెంటర్లో చెరుకురసం బండి పక్కన అటూ ఇటూ తిరుగుతున్న ఆ పిల్లని పిలిచి, "సంచి అక్కడ పెట్టకమ్మా" అని చెప్పాలనిపిస్తుంది. మళ్లీ వద్దులే అనుకుంటాను. అక్కడ పెట్టకపోయుంటే ఆ పుస్తకాన్ని ఎవరూ ఉతికేవాళ్లు కాదు.